పట్టిక బట్టీ పట్టకుండా ఘన, ద్రవ, వాయు ధర్మాలు: చేసి చూస్తూ నేర్చుకునే మార్గదర్శి

ఘనపదార్థానికి ఒక ఆకారం, ఒక ఘనపరిమాణం ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం ఉంటుంది కానీ సొంత ఆకారం ఉండదు. వాయువుకి రెండూ ఉండవు. ఈ మూడు వాక్యాలు బడికి వెళ్లిన దాదాపు అందరికీ గుర్తుంటాయి. నాకూ గుర్తున్నాయి. ఒకసారి ఓ పిల్లవాడు ఉప్పుని సీసాలోంచి గిన్నెలోకి ఒంపుతూ, "ఇది గిన్నె ఆకారంలోకి వచ్చేసింది కదా, మరి ఉప్పు ద్రవమా?" అని అడిగాడు. నేను కాసేపు నీళ్లు నమిలాను. పట్టిక నోటికి వచ్చినా, అందులో ఉన్న మాటల వెనక ఏం జరుగుతోందో నేను ఎప్పుడూ ఆలోచించలేదని అప్పుడే తెలిసింది.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఆ పట్టికలో ఉన్న పది పదిహేను ధర్మాలు విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి కావు. కణాలు ఎంత దూరంలో ఉన్నాయి? ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాయి? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే మిగతావన్నీ మనమే రాబట్టుకోవచ్చు. ఈ మార్గదర్శి అందుకే. పిల్లలకి చెప్పే పెద్దవాళ్లకీ, సొంతంగా చేసుకునే విద్యార్థులకీ పనికొస్తుంది.

మొదటి అడుగు: సామాను, ఒక నోట్‌బుక్కు

సూది లేని ప్లాస్టిక్ సిరంజి (20 మి.లీ. ది అయితే సుఖం), ఒక బెలూను, రెండు గాజు గ్లాసులు, ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, ఐసు ముక్కలు, సిరా, కొవ్వొత్తి, 1 గ్రాము తేడా చూపించే వంటింటి తూకం, గాలి కొట్టే పంపుతో ఒక ఫుట్‌బాల్, ఒక థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు వద్దు. అది 42 డిగ్రీల దాకానే కొలుస్తుంది, మరిగే నీళ్లలో పెడితే పగులుతుంది. 100 డిగ్రీలు దాటి కొలిచేది కావాలి. పొయ్యి దగ్గర చేసేవాటికి పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి.

నోట్‌బుక్కు ఎందుకంటే, ప్రతి ప్రయోగానికి ముందు ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో అందులో రాయాలి. చేసి చూశాక "నాకు ముందే తెలుసు" అనిపించడం చాలా సులువు. ముందే రాసి పెట్టుకుంటే మన ఊహ ఎక్కడ తప్పిందో దొరికిపోతుంది, అసలు నేర్చుకునేది అక్కడే.

రెండో అడుగు: మనసులో ఉన్న బొమ్మని సరిచేసుకోండి

చాలా పుస్తకాల్లో మూడు డబ్బాలు గీస్తారు. ఘనంలో చుక్కలు దగ్గరగా, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో ఇంకాస్త ఎడంగా. చూడ్డానికి అందంగా మెట్ల వరసలా ఉంటుంది కానీ అందులో ఒక పెద్ద పొరపాటు ఉంది. ద్రవంలో కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. లోహాలు కరిగినప్పుడు చాలావరకు 3 నుంచి 6 శాతమే ఉబ్బుతాయి. కాబట్టి ఘనానికీ ద్రవానికీ అసలు తేడా దూరంలో లేదు, పట్టులో ఉంది. ఘనంలో కణం తన చోట ఉండి వణుకుతుంది. ద్రవంలో పక్కవాటిని తాకుతూనే జారి చోటు మారుతుంది.

వాయువు సంగతి వేరు. 1 గ్రాము నీరు 1 మి.లీ. చోటు తీసుకుంటుంది. అదే 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే సుమారు 1,700 మి.లీ. ఆక్రమిస్తుంది. 12ని మూడుసార్లు గుణిస్తే 1,728 కదా, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడు దిక్కుల్లోనూ అణువుల మధ్య దూరం దాదాపు 12 రెట్లు అయిందన్నమాట. మీ నోట్‌బుక్కులో ఈ బొమ్మ మీరే గీసుకోండి. ఘనం, ద్రవం డబ్బాల్లో చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, ఒకదాంట్లో వరసగా, రెండోదాంట్లో గజిబిజిగా. మూడో డబ్బాలో ఒకటో రెండో చుక్కలు చాలు, మిగతాది ఖాళీ.

మూడో అడుగు: నొక్కి చూడండి

సిరంజిలో 20 మి.లీ. గాలి పీల్చి, మూతిని వేలితో గట్టిగా మూసి, వెనక నుంచి నొక్కండి. లోపలికి వెళ్తుంది. వదిలేస్తే దాదాపు మొదటి చోటికి తిరిగొస్తుంది. సగానికి, అంటే 10 దాకా తేవాలంటే ఈ సైజు సిరంజికి సుమారు 3 కిలోల బరువంత బలం పెట్టాల్సి వస్తుంది. లోపల పీడనం అప్పటికి రెండింతలవుతుంది. పీడనం రెట్టింపైతే ఘనపరిమాణం సగమవుతుందన్న ఈ లెక్కని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రచురించాడు, అందుకే బాయిల్ నియమం అంటాం. ఉష్ణోగ్రత మారకుండా ఉంటేనే ఇది వర్తిస్తుంది.

ఇప్పుడు అదే సిరంజిలో నీళ్లు నింపి నొక్కండి. కదలదు. కదిలిందంటే లోపల గాలి బుడగ ఉందని అర్థం. నేను మొదటిసారి చేసినప్పుడు పిస్టన్ ఒక గీత లోపలికి వెళ్లింది, "చూశారా, నీళ్లు కూడా కాస్త నొక్కుకుంటాయి" అని ధీమాగా చెప్పేశాను. తర్వాత చూస్తే మూతి దగ్గర శనగగింజంత బుడగ. నొక్కుకుంది అదీ. సిరంజిని మూతి పైకి ఉండేలా నిలబెట్టి, తట్టి, బుడగని బయటికి పంపి మళ్లీ చేయండి.

నిజానికి నీరు బొత్తిగా నొక్కుకోదని కాదు. సముద్రంలో 4 కిలోమీటర్ల లోతున పీడనం పైనున్నదానికి సుమారు 400 రెట్లు ఉంటుంది, అక్కడ కూడా నీటి ఘనపరిమాణం తగ్గేది 2 శాతం లోపే. రెండో అడుగులో గీసిన బొమ్మ చూస్తే కారణం కనబడుతుంది. వాయువులో మనం నొక్కుతున్నది అణువుల్ని కాదు, వాటి మధ్య ఉన్న ఖాళీని. ద్రవంలో, ఘనంలో ఆ ఖాళీ లేదు.

నాలుగో అడుగు: గాలిని తూచండి

"గాలికి బరువుందా?" అని అడిగితే ఉందనే అంటారు, కానీ మనసులో నమ్మకం ఉండదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు. లెక్కేస్తే 43 కిలోలు! మీరు కూర్చున్న గదికి ఈ లెక్క వేసి చూడండి.

దీన్ని తూచి చూపించడానికి బెలూను వాడతారు, అది అంత మంచి పద్ధతి కాదు. పలచటి ప్లాస్టిక్ సంచిలో గాలి నింపి తూచితే తూకం ఏమీ మారదు. సంచిలో ఎంత గాలి ఉందో అంత గాలిని అది బయట పక్కకి తోసింది కాబట్టి, చుట్టూ ఉన్న గాలి దాన్ని సరిగ్గా అంతే బలంతో పైకి ఎత్తుతుంది. బెలూనులో తేడా కనబడేది లోపలి గాలి కొంచెం బిగుసుకుని ఉంటుంది కాబట్టే, అదీ చాలా తక్కువ. ఫుట్‌బాల్ మేలు. గుండ్రంగా ఉంటూనే మెత్తగా ఉన్నప్పుడు ఒకసారి, పంపుతో గట్టిగా కొట్టాక ఇంకోసారి తూచండి. 4, 5 గ్రాముల తేడా వస్తుంది. బంతి సైజు పెద్దగా మారలేదు, లోపల గాలి మాత్రం పెరిగింది.

సాంద్రత, అంటే ఒకే ఘనపరిమాణంలో ఎంత బరువు ఇమిడి ఉందనేది, దాని దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ఘనాలన్నీ ద్రవాలకన్నా బరువైనవి అనుకోకండి. పాదరసం ద్రవమే, కానీ దాని సాంద్రత నీటికి 13.5 రెట్లు. ఇనుముది 7.9 రెట్లే కాబట్టి ఇనుప మేకు పాదరసం మీద తేలుతుంది. పోల్చితే ఒకే పదార్థపు మూడు రూపాల్ని పోల్చాలి. అక్కడ కూడా నీరు ఒక తలనొప్పి తెచ్చిపెడుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఐదో అడుగు: కణాల కదలికని కళ్లతో పట్టుకోండి

ఒక గ్లాసులో చల్లటి నీళ్లు, ఇంకో గ్లాసులో వేడి నీళ్లు. రెండూ కదలకుండా రెండు నిమిషాలు ఆగి, ఒక్కో చుక్క సిరా వేయండి. వేడి నీళ్లలో రంగు చాలా త్వరగా అల్లుకుపోతుంది. దీన్నే వ్యాపనం అంటారు. నిజం చెప్పాలంటే ఇందులో నీటి ప్రవాహాల పాత్ర కూడా ఉంటుంది. అచ్చంగా వ్యాపనాన్నే చూడాలంటే చల్లటి గ్లాసుని ఎవరూ కదపని చోట మూతపెట్టి ఒక రోజంతా వదిలేయాలి.

గది ఉష్ణోగ్రత దగ్గర గాలిలోని అణువుల సగటు వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు. మరి అత్తరు సీసా మూత తీస్తే గది అవతలి మూలకి వాసన రావడానికి అంతసేపు ఎందుకు? దారిలో ప్రతి అణువూ సెకనుకి కొన్ని వందల కోట్ల సార్లు వేరే అణువుల్ని గుద్దుకుంటుంది. పరుగు వేగంగానే ఉంటుంది, ముందుకి సాగేది మాత్రం కొంచెమే. జాతరలో జనం మధ్య నుంచి పరిగెత్తబోయినట్టు. గదిలో వాసనని మోసుకొచ్చేది ఎక్కువగా గాలి కదలికలే.

కణాలు కదులుతున్నాయనడానికి రుజువు 1827లో దొరికింది, దొరికినట్టు మాత్రం అప్పుడు ఎవరికీ తెలియలేదు. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి గింజల్లోంచి వచ్చిన సూక్ష్మమైన రేణువులు నీటిలో ఆగకుండా ఇటూ అటూ ఊగుతుండడం మైక్రోస్కోపులో చూశాడు. ప్రాణం ఉండబట్టి కదులుతున్నాయేమో అనే అనుమానంతో ప్రాణం లేని పదార్థాల పొడులతోనూ చేసి చూశాడు. అవీ ఊగాయి. ఆ రేణువుల్ని నాలుగు వైపుల నుంచీ నీటి అణువులు తోస్తున్నాయని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టాడు, జాన్ పెరాన్ ప్రయోగాలతో నిరూపించి 1926లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బ్రౌన్ అనుమానపడిన పద్ధతి నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం.

ఆరో అడుగు: వేడి చేసి ఉబ్బడం చూడండి

ఖాళీ సీసా మూతికి బెలూను తొడిగి వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. బెలూను మెల్లగా లేస్తుంది. సీసా మూత బిగించి మాత్రం ఎప్పుడూ వేడి చేయకండి.

20 డిగ్రీల దగ్గర ఒక్కో లీటరు పదార్థాన్ని ఒక్క డిగ్రీ వేడి చేస్తే గాలి సుమారు 3.4 మి.లీ. ఉబ్బుతుంది, నీరు 0.2 మి.లీ., ఉక్కు 0.04 మి.లీ. కంటే కూడా తక్కువ. పట్టు ఎంత గట్టిదైతే ఉబ్బడం అంత తక్కువ. ఇక్కడే ఇంకో విషయం ఉంది, తరగతిలో దీని మీద ఎక్కువసేపు ఆగరు. ఘనాలూ ద్రవాలూ ఒక్కోటి ఒక్కో రకంగా ఉబ్బుతాయి, అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెండింతలు. వాయువులు మాత్రం, ఆక్సిజనైనా హైడ్రోజనైనా కార్బన్ డయాక్సైడైనా, మామూలు పీడనంలో దాదాపు ఒకేలా ఉబ్బుతాయి. ఘనంలో అణువు ఏ జాతిదనేది పట్టుని నిర్ణయిస్తుంది కాబట్టి జాతి ముఖ్యం. వాయువులో పట్టే లేదు, అందుకని అది ఏ అణువైనా ఒకటే.

ఏడో అడుగు: ఐసు నుంచి ఆవిరి దాకా, గడియారం పట్టుకుని

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే చేసే టైముంటే ఇది చేయండి. గిన్నెలో ఐసు ముక్కలు, కొంచెం చల్లటి నీళ్లు వేసి, సన్నటి మంట మీద పెట్టి కలుపుతూ, నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాయండి. మంట మధ్యలో మార్చకూడదు. థర్మామీటరు గిన్నె అడుగుకి తగలకూడదు.

మొదట విసుగొస్తుంది. కింద మంట మండుతూనే ఉన్నా ఐసు ఉన్నంతసేపూ అంకె 0 దగ్గరే తచ్చాడుతుంది. థర్మామీటరు పాడైందేమో అనే అనుమానం అందరికీ వస్తుంది. ఐసు మొత్తం కరిగాక అంకె ఎక్కడం మొదలుపెడుతుంది. 100 దగ్గరికి వచ్చాక మళ్లీ ఆగిపోతుంది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పీడనం తక్కువ కాబట్టి ఇంకా ముందే ఆగుతుంది, ఎవరెస్టు శిఖరం మీదైతే సుమారు 70 డిగ్రీలకే.

మరి ఆ ఆగిన సమయంలో ఇచ్చిన వేడి ఎక్కడికి పోయింది? అణువుల వేగం పెంచడానికి కాకుండా వాటి పట్టు విడిపించడానికి ఖర్చయింది. థర్మామీటరుకి కనబడదు కాబట్టి గుప్తోష్ణం అన్నారు. 1760ల్లో జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచాడు. 1 గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు (జౌలు అంటే శక్తికి కొలత) కావాలి. అంత వేడితో అదే గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా తేవచ్చు. 1 గ్రాము నీరు ఆవిరవడానికైతే 2,257 జౌళ్లు, కరగడానికి పట్టిన దానికి దాదాపు 7 రెట్లు. కరగడమంటే పట్టు సడలడమే, ఆవిరవడమంటే పట్టు పూర్తిగా తెగి దూరమైపోవడం. ఈ ఏడు రెట్లలో మన రెండో అడుగు బొమ్మ మొత్తం ఇమిడి ఉంది.

దీన్ని ముందుగానే లెక్కేసి సరిచూసుకోవచ్చు. 0 నుంచి 100కి రావడానికి 10 నిమిషాలు పట్టిందనుకోండి, అదే మంట మీద ఆ నీళ్లన్నీ ఇగిరిపోవడానికి సుమారు 54 నిమిషాలు పట్టాలి. గిన్నె చుట్టూ వేడి కొంత పోతుంది కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది, అయినా గంట దరిదాపుల్లోకి వస్తుంది. గిన్నె పూర్తిగా ఎండనివ్వకండి, సగానికి వచ్చేసరికి ఆపి టైముని రెండింతలు చేసుకుంటే చాలు. ఆవిరి తగిలితే మరిగే నీళ్లకన్నా ఎక్కువగా ఎందుకు కాలుతుందో కూడా ఇందులోనే ఉంది: చర్మం మీద నీరుగా మారేటప్పుడు ఆ 2,257 జౌళ్లనీ అక్కడే వదిలేస్తుంది.

గిన్నె పైన కనిపించే తెల్లటి పొగ నీటి ఆవిరి కాదు. నీటి ఆవిరి కంటికి కనబడదు. కెటిల్ ముక్కు దగ్గర గమనిస్తే, ముక్కుకీ తెల్లటి పొగకీ మధ్య కొంచెం ఖాళీ కనిపిస్తుంది. ఆవిరి ఉన్నది ఆ ఖాళీలో. పైకి వెళ్లి చల్లబడి సన్నటి నీటి బిందువులయ్యాకే తెల్లగా కనిపిస్తుంది. మరిగేటప్పుడు అడుగు నుంచి లేచే పెద్ద బుడగల్లో ఉండేది కూడా గాలి కాదు, నీటి ఆవిరే. వేడి మొదలైనప్పుడు గిన్నె గోడలకి అంటుకునే చిన్న బుడగలు మాత్రం నీటిలో కరిగి ఉన్న గాలి.

ఇగరడం వేరు, మరగడం వేరు. ఇగరడం ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా పై తలంలోనే జరుగుతుంది. మరగడం ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర, లోపలంతా జరుగుతుంది. ద్రవంగా మారకుండా నేరుగా వాయువయ్యేవీ ఉన్నాయి. ఘన కార్బన్ డయాక్సైడు మామూలు పీడనంలో మైనస్ 78.5 డిగ్రీల దగ్గర అలా ఎగిరిపోతుంది. దీన్ని ఉత్పతనం అంటారు.

ఎనిమిదో అడుగు: నీరు చేసే తిరకాసు

కొవ్వొత్తి మైనం కొంచెం కరిగించి, అందులో గట్టి మైనం ముక్క వేయండి. మునుగుతుంది. ఇది మామూలు పద్ధతి, ఘనరూపం ద్రవరూపం కన్నా చిక్కన. నీళ్లలో ఐసు తేలుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు మూలల గూళ్లలా అమరుతాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి, దాంతో ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి మట్టం దగ్గర గీత పెట్టి ఫ్రీజర్‌లో పెడితే కనబడుతుంది. గాజు సీసా వాడితే పగులుతుంది.

నీరు అన్నిటికన్నా చిక్కగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అందుకే చలిదేశాల చెరువులు పైనుంచి గడ్డకడతాయి, అడుగున 4 డిగ్రీల నీటిలో చేపలు బతుకుతాయి.

తొమ్మిదో అడుగు: ద్రవాల్లో బాగా కనబడే రెండు గుణాలు

స్నిగ్ధత అంటే జారడానికి ద్రవం పెట్టే పేచీ. వాలుగా పెట్టిన పళ్లెం మీద నీళ్లు, నూనె, తేనె ఒక్కో చుక్క వేసి పందెం పెట్టండి. తేనెని వేడి చేసి మళ్లీ చేయండి, చాలా వేగంగా జారుతుంది. వాయువులకీ స్నిగ్ధత ఉంది కానీ అక్కడ వ్యవహారం తలకిందులు, వేడి చేస్తే పెరుగుతుంది. పట్టు లేని చోట పేచీ అంతా గుద్దుకోవడాల వల్లే వస్తుంది మరి.

తలతన్యత అంటే ద్రవం పై తలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండడం. దాన్ని చూడ్డానికి ఒక నాణెం చాలు. దాని మీద డ్రాపరుతో నీటి చుక్కలు వేస్తూ లెక్కపెట్టండి. మీరు రాసుకున్న అంకెకి రెండు మూడు రెట్లు పట్టినా ఆశ్చర్యపోకండి. తర్వాత పుల్లని సబ్బు నీళ్లలో ముంచి ఆ ఉబ్బెత్తు నీటికి తాకించండి.

పదో అడుగు: పట్టికకి లొంగనివి

ఇప్పుడు ఉప్పు ప్రశ్నకి రావచ్చు. ఉప్పు రాశి గిన్నె ఆకారంలోకి వస్తుంది, నిజమే. కానీ ఒక్క రవ్వని భూతద్దంతో చూడండి, అంచులున్న చిన్న పెట్టెలా ఉంటుంది, గిన్నె మార్చినా ఆ పెట్టె మారదు. పైగా ఉప్పు కుప్పగా నిలబడుతుంది, నీరు ఎప్పుడూ కుప్పగా నిలబడదు. స్పాంజి నొక్కితే అణుగుతుంది కదా అంటే, అణిగేది దాని రంధ్రాల్లోని గాలి. రబ్బరు బ్యాండు ఆకారం మారుతుంది కానీ వదిలితే తిరిగొస్తుంది, అది ఘనమే.

పాత చర్చిల కిటికీ అద్దాలు కింద మందంగా ఉండడం చూసి గాజు వందల ఏళ్లలో కిందికి జారిందని కొందరు చెబుతారు. అది నిజం కాదు, అప్పట్లో అద్దాలు తయారయ్యేదే ఎగుడుదిగుడుగా. అయితే గాజులో కణాల అమరిక మాత్రం ద్రవంలోలా గజిబిజిగానే ఉంటుంది. నిజంగా జారేది పిచ్ అనే తారులాంటి పదార్థం. సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో దాన్ని గరాటులో పోసి, 1930లో గరాటు మూతి తెరిచాడు. 2014 వరకు పడింది తొమ్మిది చుక్కలు. దాని స్నిగ్ధత నీటికి సుమారు 23 వేల కోట్ల రెట్లని లెక్క తేల్చారు.

ఇంట్లో చేసుకోదగ్గది కార్న్‌ఫ్లోర్. రెండు పాళ్ల పిండికి ఒక పాలు నీళ్లు చొప్పున కలపండి. వేలు మెల్లగా దింపితే ద్రవంలా దిగిపోతుంది, గట్టిగా గుద్దితే ఘనంలా ఆపేస్తుంది. మెల్లగా కదిలిస్తే పిండి రేణువులకి పక్కకి జారే టైము దొరుకుతుంది, ఒక్కసారిగా గుద్దితే ఇరుక్కుపోతాయి. గుప్పెట్లో పిసికి ఉండ చేసి, చెయ్యి తెరిచి చూడండి, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. ఆట అయ్యాక దాన్ని సింకులో మాత్రం పారబోయకండి. పిండి అడుగున పేరుకుని గొట్టం మూసుకుపోతుంది, ఆ టెన్షన్ నేను ఒకసారి పడ్డాను. పళ్లెంలో పలచగా పరిచి ఎండబెట్టి, పొడిగా చెత్తలో వేసేయండి.